సాంచెల కింద సన్నని గీత

సాంచెలు ఆగలేదు. వాటి చప్పుడు మాత్రం ఆగిపోయింది.

"ఏం చేసిన్రు ప్రీతి గారూ? కార్ఖానా బంద్ పెట్టించిన్రా?" జగిత్యాల నుంచి వీడియో కాల్‌లో ఉన్న మనస్విని కళ్లు పెద్దవయ్యాయి.

"లేదు మేడం, చూడున్రి." ప్రీతి ల్యాప్‌టాప్ ఎత్తి కిటికీ వైపు తిప్పింది.

సందుకు అవతల కార్ఖానాలో మరమగ్గాలు వరుసగా దడదడలాడుతున్నాయి. సిరిసిల్లలో వాటిని సాంచెలంటారు. గోడ అదురుతోంది. స్టీలు గ్లాసులో నీళ్లు వణుకుతున్నాయి. అరిస్తే తప్ప పక్కమనిషికి మాట చేరదు. అదే గది జగిత్యాలలో మాత్రం పత్తిచేనంత నిశ్శబ్దంగా వినిపిస్తోంది.

"సాంచెల నోరు మూసినవ్ గద కోడలా!" నర్సింగం నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆయన ఆ కార్ఖానాలోనే సాంచెలు నడుపుతాడు. ప్రీతికి మేనమామ. "మా కార్ఖానా ఆసామితోని గానిది నీతోని అయింది."

అది పోయిన నెల సంగతి.

నర్సింగం తల్లి దేవవ్వకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. మాట పోయింది. జగిత్యాల దవాఖాన నుంచి కొడుకు గదికి తెచ్చారు. అప్పుడే ఎక్కువ కదిలించవద్దన్నారు. మాట తెప్పించే కసరత్తులు వీడియోలో చేయిస్తానంది స్పీచ్ థెరపిస్ట్ మనస్విని. ల్యాప్‌టాప్ కూడా వాళ్లే ఇచ్చారు. మొదటి రోజు ఆమెకు సాంచెలు తప్ప ఏమీ వినబడలేదు. నర్సింగం కోరుట్లకు ఫోన్ కొట్టాడు.

కోరుట్లలో ప్రీతిది సౌండ్ దుకాణం. చర్చి కూటాలకు, పెళ్లిళ్లకు మైకులు పెడుతుంది, లైవ్ ఇస్తుంది. నాన్న జాన్ మొదలుపెట్టిన దుకాణాన్ని కంప్యూటర్ల కాలానికి తెచ్చింది ఆమె. ఎంత రొదలోనైనా పాస్టర్ గొంతును కడిగిన గాజులా వినిపిస్తుందని పేరు.

ఆ పేరు మీద నమ్మకంతోనే ఆ రోజు ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. శబ్దాన్ని చూసుకోవడానికి అందులో వేరే చిప్ ఉంటుంది. మైకులో పడిన ప్రతిదీ ముందు దాని చేతికే పోతుంది. ఆ చిప్‌కూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ ఒకరి భాష ఒకరికి రాదు. మధ్యలో డ్రైవర్ అనే ప్రోగ్రాం దుబాసీ పని చేస్తుంది. ప్రీతి ఆ డ్రైవర్ సెట్టింగుల్లోకి వెళ్లి, రొద తీసేసే మీటను చివరిదాకా జరిపింది. విడవకుండా ఒకే తీరుగా మోగేది ఏదైనా సరే, మనిషి మాట కాదని చిప్ తేల్చి పారేస్తుంది.

పారేసింది. అందరూ సంబరపడ్డారు.

సంబరం నిలవలేదు. ఎన్నిసార్లు కాల్ చేసినా మనస్వినికి దేవవ్వ దగ్గర నుంచి ఒక్క చప్పుడూ అందలేదు. పెదవులు కదిలేవి. గొంతు లేదు.

"వచ్చేసారి కూడా గొంతు రాకపోతే మాట కసరత్తులు ఆపేద్దాం," అంది మనస్విని చివరికి. "ఆమెను బాధపెట్టడం తప్ప లాభం ఉండదు. బొమ్మల పలక పంపిస్తున్న. నీళ్లు, అన్నం, నొప్పి, అన్నిటికీ బొమ్మలుంటయ్. వేలు పెట్టి చూపించుడు నేర్పుదాం."

పలక వచ్చింది. దేవవ్వ దాన్ని ఎడమ చేత్తో బోర్లా తిప్పి పెట్టింది. కొడుకు సరిచేసినప్పుడల్లా మళ్లీ బోర్లా తిప్పేది.

వాళ్ల ఊరు ఎల్లంతకుంట పొలాల్లో నాట్లు పడితే పాట ఎత్తేది దేవవ్వే. మడిలో నడుములు వంచిన ఆడవాళ్లంతా ఆమె గొంతు కోసం చూసేవాళ్లు. ఆమె చేతికి నీళ్ల బొమ్మ, అన్నం బొమ్మ ఇచ్చారు.

ఆ ఆఖరి పరీక్ష ఇవాళ.

ప్రీతి కోరుట్ల నుంచి పొద్దున్నే బస్సెక్కి, కాల్‌కు ముందే సిరిసిల్ల చేరింది. గదిలో అప్పటికే ఒకామె మంచం పక్కన కూర్చుని మక్క కంకులు వొలుస్తోంది. సత్తవ్వ. దేవవ్వతో కలిసి జీవితమంతా నాట్లు వేసింది. ఇద్దరూ ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటారు.

"సత్తవ్వత్తా, మేడం టెస్టు పెడ్తది," నర్సింగం చేతులు జోడించాడు. "జెర కిక్కురుమనకుంట కూసో. నీ గొంతు వడ్డదనుకో, అవ్వది అనుకుంటది."

"నేను నోరు మూసుకుంటె మీ అవ్వకు నోరస్తదారా?"

"గా మాటలే వద్దంటున్న."

"సరేపోరా. సాంచెకు పుట్టినోని తీరు మాట్లాడ్తవ్." సత్తవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ప్రీతి లైన్ సరిచూడటం మొదలుపెట్టింది. ఆమె తెచ్చిన ప్రోగ్రాం శబ్దాన్ని బొమ్మగా చూపుతుంది. పైన ఒక కిటికీ, కింద ఒక కిటికీ. చిప్ ముట్టుకోకముందు మైకులో పడినది పైన. చిప్ కడిగాక మిగిలినది కింద.

పై కిటికీ నిండా సాంచెలే. పడుగు పోగుల్లా నిలువు చారలు, తెరంతా నేసినట్టు. వాటికి అడ్డంగా మోటార్ల రొద, గుంజి కట్టిన తాడులా తిన్నగా ఒక గీత. కింది కిటికీ ఖాళీ. నల్లగా, నున్నగా.

'మంచి పనే చేసిన' అనుకుంది ప్రీతి. ప్రోగ్రాం మూసేయడానికి చెయ్యి చాపింది.

ఆగింది.

మోటార్ల గీత పక్కనే మరో గీత ఉంది. వెంట్రుకంత సన్నం. అది తిన్నగా లేదు. మెల్లగా పైకి లేచి, వంగి, కిందికి జారింది. తెగింది. మళ్లీ మొదలైంది.

మోటారు వంగదు. మోటారుకు ఊపిరి తీసుకోవలసిన అవసరం లేదు.

ప్రీతి వెన్ను నిటారుగా అయింది. తెర మీద నుంచి చూపు ఎత్తి మంచం మీదికి చూసింది. దేవవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. పెదవులు కలిసే ఉన్నాయి. కళ్లు ఎక్కడో ఉన్నాయి. ఛాతీ మెల్లగా పొంగింది. తెర మీద గీత తెగింది. ఛాతీ దిగడం మొదలైంది. గీత మళ్లీ పుట్టింది.

"మామా!" ప్రీతి అరిచింది. "అమ్మమ్మ రాగం తీస్తాంది!"

"ఏది? నాకేం వినస్తలేదు."

"ఎవలకు వినస్తది గీ చప్పుట్ల! ఇటు రా. చెయ్యి వెట్టు."

మేనమామ చెయ్యి పట్టి దేవవ్వ గొంతు మీద ఉంచింది. ఆయన వేళ్ల కింద తల్లి గొంతు తుమ్మెదలా కంపిస్తోంది. ఏళ్ల తరబడి సాంచెల మధ్య చెవులు మొద్దుబారిన మనిషి. వేళ్లు మాత్రం మొద్దుబారలేదు. చెయ్యి తీయలేదు. మెడ కదిలితే ఎక్కడ ఆగిపోతుందో అన్నట్టు ఊపిరి బిగపట్టాడు.

"ఎన్నొద్దులసంది... గిట్ల?"

ప్రీతి తెర వైపు తిరిగింది. కింది కిటికీ చూస్తోంది. అక్కడ గీత లేదు. మైకు దేవవ్వ గొంతును పట్టింది. చిప్ ఆ గొంతును విడవని రొద అనుకుంది. సాంచెలతో పాటు ఊడ్చి పారేసింది. మీటను చివరిదాకా జరిపిన వేలు తనదే.

కాల్ మోగింది.

తెర మీద మనస్విని. "నమస్తే. మొదలుపెడదామా?"

"మేడం, ఆమెకు గొంతుంది. నేనే మీదాకా రానియ్యలేదు." ప్రీతి గబగబా విషయం చెప్పింది.

మనస్విని నమ్మలేదు, నమ్మననీ అనలేదు. "నాకు వినిపించండి. నా తర్వాతి పేషెంట్ దారిలో ఉన్నరు. వచ్చేదాకా లైన్‌లనే ఉంట."

ప్రీతి మీటను వెనక్కి లాగింది. మరుక్షణం మనస్విని రెండు చేతులతో హెడ్‌ఫోన్స్ పీకేసింది. సిరిసిల్ల సాంచెలన్నీ ఆమె చెవుల్లో పడ్డాయి. మీటను సగం జరిపితే సాంచెలు సగం పోయాయి, గొంతు మొత్తం పోయింది. చిప్‌కు రెండింటి మధ్య తేడా తెలియదు.

"సాంచెలు ఆపిచ్చాల్నా?" నర్సింగం లేచాడు.

"ఒక్క కార్ఖానా ఆపితె ఏమైతది మామా? సందు పొడుగూత ఉన్నయ్."

గాలిలో వచ్చే శబ్దమంతా సాంచెలదే. అయితే గాలితో పనిలేని మైకు కావాలి.

ప్రీతి సంచి బోర్లించింది. వైర్లు, క్లిప్పులు, ఒక చిన్న స్పీకర్. వాటి మధ్య రూపాయి బిళ్లంత మైకు. చర్చిలో డోలక్‌కు అంటిస్తుంది దాన్ని. గాలిలో ఏముందో దానికి పట్టదు. దేనికి అంటిస్తే దాని వణుకునే వింటుంది.

"మామా, ప్లాస్టర్ ఉన్నదా? పుండుకు ఏసేది."

"ఎవలకు దెబ్బ తాకింది?"

"నాకే తాకేటట్టున్నది. జల్ది తే!"

దేవవ్వ గొంతు పక్కన బిళ్లను ప్లాస్టర్‌తో అంటించి, వైరును ల్యాప్‌టాప్‌కు గుచ్చింది. పై కిటికీలో సాంచెల చారలు మాయమయ్యాయి. ఒంటరిగా, వెలుగుతూ ఒకే ఒక గీత.

కింది కిటికీ ఇంకా ఖాళీయే.

సెట్టింగుల్లో అన్నీ ఆఫ్ చేసింది. ఆఫ్ అనే చూపిస్తోంది. చిప్ మాత్రం కడుగుతూనే ఉంది. దుబాసీ తల ఊపుతున్నాడు, మాట మాత్రం అవతలికి చెప్పడం లేదు.

"అయితే నువ్వే వద్దు," అంది ప్రీతి పళ్ల మధ్య నుంచి.

ఆ డ్రైవర్‌నే తీసి పారేసింది. ఆపరేటింగ్ సిస్టమ్ తనతో పాటు ఒక మామూలు డ్రైవర్‌ను తెచ్చుకుంటుంది. దానికి మెరుగులు తెలియవు. తీసెయ్యడం, కలపడం తెలియదు. విన్నది విన్నట్టు చేరవేస్తుంది. దాన్ని ఎక్కించి ల్యాప్‌టాప్‌ను ఆపి మళ్లీ లేపింది. మనస్విని మాయమైంది. తెర నల్లబడింది. సాంచెలు మోగుతూనే ఉన్నాయి.

తెర వెలిగింది. ల్యాప్‌టాప్‌లోని సొంత మైకు జాబితాలోంచే పోయింది.

"పోయిందా?" నర్సింగం గుండె పట్టుకున్నాడు. "మనది కాదు బిడ్డ అది, దవఖానోళ్లది!"

"గా మైకు పాత డ్రైవర్ లేకుంటె పలుకదు. మల్ల ఎక్కిస్తె వస్తది. నాకు వైరుది సాలు."

వైరు మైకు ఉంది. ప్రీతి దాన్ని ఎంచింది. గదిలో వాళ్లకూ వినబడాలని చిన్న స్పీకర్ తగిలించి, మళ్లీ కాల్ కలిపింది.

స్పీకర్‌లోంచి రాగం వచ్చింది.

గట్టిగా కాదు. బొంగురుగా, తడిగా, గొంతు లోపలి నుంచి. సాంచెలు గోడ అవతల కొట్టుకుంటున్నాయి. రాగం వాటి కింద నుంచి నీళ్లలా పారింది. ఒక మెట్టు ఎక్కి, అక్కడ కాసేపు ఊగి, దిగింది. నర్సింగం మంచం దగ్గరికి జరిగాడు.

మనస్విని హెడ్‌ఫోన్స్‌ను చెవులకు అదిమి పట్టుకుంది. కళ్లు మూసుకుని వింది.

"ఇది దేవవ్వ గారేనా?" గొంతు తగ్గించి అడిగింది. గుడిలో మాట్లాడినట్టు.

"మైకు ఆమె గొంతుకే అంటుకోని ఉన్నది మేడం. వేరేది దేన్నీ వినదు. నా మాట గూడ మీకు రాదు," అని ప్రీతి ఫోన్‌లో మెసేజ్ పెట్టింది.

"గిది మా నాటు పాట!" సత్తవ్వ కొంగు జారింది.

"అత్తా! టెస్టు!" నర్సింగం రెండు చేతులూ ఊపాడు. సత్తవ్వ కొంగు మళ్లీ నోట్లో కుక్కుకుంది.

"మాట దారి మూసుకున్నా కొందరికి పాట దారి తెరిచే ఉంటుంది," అంది మనస్విని. "దేవవ్వ గారూ, ఆపకండి. ముందుకు పాడండి."

దేవవ్వ రాగం తీసింది. ఒక మెట్టు ఎక్కి, ఊగి, దిగింది. ఆగింది.

ఎదురుచూసింది.

మళ్లీ అదే ముక్క. అదే చోట ఆగింది. అందరి ముఖాలూ చూసింది. మళ్లీ మొదటి నుంచి అదే.

మనస్విని ముఖంలో వెలుగు కొంచెం తగ్గింది. "తర్వాతి చరణానికి పోతలేరు. ఒకే ముక్క తిరుగుతుంది. అలవాటు మీద వచ్చే శబ్దం కూడా ఇట్లనే ఉంటుంది. పాటే అని, లోపల మాట ఉందని, ఇంతటితో చెప్పలేను."

గదిలో ఎవరూ కదల్లేదు. పరీక్ష కదా. నర్సింగం చేతులు కట్టుకున్నాడు. ప్రీతి ఊపిరి కూడా మెల్లగా తీస్తోంది. తెర అంచున మనస్విని చూపు తలుపు వైపు తిరిగింది. తర్వాతి పేషెంట్ వచ్చినట్టుంది.

దేవవ్వ మళ్లీ ఎత్తింది. మళ్లీ ఆగింది. ఈసారి ఆమె కళ్లు సత్తవ్వ మీద నిలిచాయి. ఎడమ చెయ్యి గాల్లోకి లేచింది. మడిలో నారు అందుకొమ్మని చాచినట్టు.

సత్తవ్వ కొంగు ఊడబెరికి పారేసింది.

"మీ టెస్టు మన్నుగాను! ఎత్తినామెకు అందుకునేటోళ్లు లేకుంటె ఎట్ల పోతదిరా ముందటికి? మేము పాట తిరిగి చెప్పేదాక ఆమె ఎన్నడన్న రెండోది ఎత్తిందా?" మంచం అంచుకు జరిగి, దేవవ్వ చెయ్యి పట్టుకుని అందుకుంది.

"మడిల దిగితిమి ఓ వదిన... మబ్బు దిగింది ఓ వదిన..."

దేవవ్వ ముఖం సగం కదలదు. కదిలే సగం వెలిగింది.

రాగం రెండో మెట్టు ఎక్కింది. ఎన్నో ఏళ్ల మడులు ఆ ఒక్క మెట్టు కింద కదిలినట్టు స్పీకర్ గరగరలాడింది. కలిసి ఉన్న పెదవులు విడిపోయాయి. రాగం నోటిలోకి వచ్చింది. నోటిలో ఆకారం తీసుకుంది.

"నా... రు... కట్టలు ఓ వది... న..."

ప్రీతి తెర దగ్గరికి వంగింది.

"నారు కట్టలు ఓ వదిన!" సత్తవ్వ గొంతు సాంచెలను దాటింది.

"న... డుము విరి... గె ఓ వదిన..."

"ప్రీతి గారూ," మనస్విని లేచి నిలబడింది. "ఆమె పక్కనున్నావిడ నోరు కదులుతుంది. కానీ నాకు ఒక్క గొంతే వినబడుతుంది. ఒక్కటే!"

"అది అమ్మమ్మదే మేడం. సత్తవ్వ మీకు వినరాదు. బిళ్ల అమ్మమ్మకే ఉన్నది," ప్రీతి మెసేజ్ కొట్టింది.

మనస్విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చూపు తలుపు వైపు పోలేదు.

పాట నడిచింది. మాటలు సగం విరిగాయి, సగం నిలిచాయి. విరిగిన చోట సత్తవ్వ అందుకుంది. అందుకున్న ప్రతిసారీ దేవవ్వ ఒక అడుగు ముందుకు వేసింది. తెర మీద గీత ఇక సన్నగా లేదు. దాని మీద పొరలు పొరలుగా మరిన్ని గీతలు లేచాయి. పెదవులు, నాలుక, పళ్లు ఒక్కొక్కటీ తమ గుర్తు వేస్తున్నాయి. వట్టి రాగం మాటగా మారడాన్ని ప్రీతి కళ్లతో చూస్తోంది. ఇన్నేళ్లు మైకులు పెట్టింది. ఇట్లాంటి బొమ్మ ఎప్పుడూ చూడలేదు.

అప్పుడు దేవవ్వ ఆగింది. కొడుకు వైపు తిరిగింది. చాలాసేపు వెతికింది, మాట కోసం. గొంతు సర్దుకుంది.

"చె... విటి కొడుకు... ఓ వదిన..."

సత్తవ్వ అందుకోబోయి, పగలబడి నవ్వింది.

"చెప్పితె... ఇనడు ఓ వది... న!"

"ఇది ఆ పాటలో ఉన్నదేనా?" మనస్విని గబుక్కున అడిగింది.

"ఎక్కడిది మేడం! గీ పోరగాడు మా పాటల లేడు. గిప్పుడే కట్టింది!" నవ్వుతూనే సత్తవ్వ గట్టిగా అరిచింది. అది జగిత్యాలకు చేరలేదు. ప్రీతి ఆ మాటే మళ్లీ ఫోన్‌లో మెసేజ్ పెట్టింది.

మనస్విని చదివింది. తెరకు చాలా దగ్గరగా వచ్చింది. "పాత పాట అయితే జ్ఞాపకం అనుకునేదాన్ని. కొత్తగా కట్టిందంటే, లోపల మాట ఉంది. బొమ్మల పలక వద్దు. మాట కసరత్తులు ఆపేది లేదు. పాట మీదుగనే పోదాం." తర్వాత, తనలో తాను అన్నట్టు, "నేను ఆపేద్దామనుకున్న," అంది.

నర్సింగం కళ్లు తుడుచుకోవడానికి భుజం మీది తువ్వాల తీశాడు. "చెవిటి కొడుకంట. ఇన్నొద్దులకు నోరు తెరిచి తిట్టే తిట్టింది."

"ఈడనే ఉన్నది మీ అవ్వ. ఏడికి పోలె," అంది సత్తవ్వ. బోర్లా పడి ఉన్న పలక మీద మక్క గింజల చిప్ప పెట్టుకుని మళ్లీ వొలవసాగింది.

"ఇక నుంచి ప్రతిసారీ సత్తవ్వ గారు ఉండాలి," మనస్విని చెప్పింది. "ఆమె లేకుండ కుదరదు."

ప్రీతి ఆ మాట గట్టిగా చెప్పింది.

"నేనా? నాకు నాట్లు ముందటున్నయ్ తల్లీ. ఎన్నిసార్లని రావాలె?" సత్తవ్వ గింజలు దులుపుకుంటూ దేవవ్వ వైపు కన్ను గీటింది. "గంత అక్కరైతె, ఆమెనే నాటుకు రమ్మను."

గదిలో సాంచెలు మాత్రమే మోగాయి. ప్రీతి తెర మీదికి చూసింది. గీత లేదు. రాగమూ లేదు. దేవవ్వ పాడటం ఆపేసింది.

దేవవ్వ ఛాతీ పొంగింది. తెర మీద పొట్టిగా, నిటారుగా ఒక గుర్తు లేచింది. సత్తవ్వ పిలుపుకు జవాబుగా, పాట సాయం లేకుండా వచ్చిన మొదటి మాట.

"అస్త."